నాలుగు రంగుల గుండీల కంపెనీలో నేనెవరినో తేల్చగోరి

కంపెనీల రిజిస్ట్రారు గారి సముఖమునకు, మూడవ కిటికీ గుమస్తా గారి ద్వారా, బజారు మలుపున బోర్డులు రాసుకొను పెయింటరు సమర్పించు అర్జీ.

అయ్యా,

విషయం: ఒకే గేటు, ఒకే షెడ్డు, ఒకే కాపలాదారు గల గుండీల కంపెనీ తమ రిజిస్టరులో నాలుగు కంపెనీలుగా నమోదై యుండుట గురించియు, అందు రెండవ కంపెనీ పేరును కొట్టివేయరాదని అభ్యంతరము తెలుపుట గురించియు, సదరు వ్యవహారములో అర్జీదారుని తెలివితక్కువతనమును సందర్భానుసారముగా పరిగణించుట గురించియు.

తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. అర్జీదారుడనైన నేను ముప్పై ఒక్క సంవత్సరములుగా కుంచె పట్టి బతుకుచున్నవాడను. ఈ బజారు బోర్డుల్లో సగం నా చేతివే. సదరు గుండీల కంపెనీ వారికి ఆరేళ్లలో నాలుగు బోర్డులు రాసితిని. నాలుగూ ఒకే రేకు మీద రాశాను. పాత పేరు మీద కొత్త రంగు పూత, పూత ఆరాక దాని మీద కొత్త పేరు. నాలుగు కంపెనీల అసలు పేర్లను వేరే కాగితంపై జత చేశాను. తమరే చూడగలరు. అవే మూడు మాటలు, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు. నాకు కళ్లు తిరిగి, పనివాడి అలవాటు చొప్పున వాటిని బోర్డు రంగులతో గుర్తు పెట్టుకున్నాను. మొదటిది నీలం కంపెనీ, రెండవది ఎరుపు, మూడవది పసుపు, నాలుగవది ఆకుపచ్చ. ఈ అర్జీలో అవే పిలుపులు వాడుకొనుటకు అనుమతి వేడుచున్నాను. పసుపు కంపెనీ ఏం చేస్తుందో నాకు తెలియదు. కాపలాదారుకూ తెలియదు. దానికో బల్ల ఉందని మాత్రం అన్నాడు.

ఇక్కడ తమకు న్యాయంగా ఒక సందేహం రావాలి. ఒకే షెడ్డుకు నాలుగుసార్లు పేరు మార్చి రాసినవాడికి అనుమానం రాలేదా అని. రాలేదండి. అక్షరం గుండ్రంగా వచ్చిందా, వరస వంగిందా అని చూస్తానే గానీ, రాసినదాన్ని చదివే అలవాటు నాకు లేదు. ఒకసారి పళ్ల డాక్టరు గారి బోర్డు మీద 'ఇచ్చట పాత సామాను కొనబడును' అని రాసి, ఆరబెట్టి, మేకులు కొట్టి, కూలి పుచ్చుకుని ఇంటికి వచ్చి హాయిగా భోంచేసినవాణ్ణి.

2. కంపెనీ యజమాని గారిని బజారులో అందరూ 'కంగారొద్దు గారు' అంటారు. ఎవరేం అడిగినా ఆయన మొదటి మాట అదే గనక. ఆరేళ్ల కిందట నీలం బోర్డు రాసి కూలి అడగబోతే ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. అది పెయింటరు కూర్చునే కుర్చీ కాదు, గుడ్డ తొడుగు ఉన్న కుర్చీ. నా లాగు మీద రంగు తడిగా ఉన్నందున అంచున కూర్చున్నాను.

"కంగారొద్దు. కూలి తీసుకుంటే ఇవాళ్టితో సరి. వాటాలు తీసుకో, కంపెనీ ఉన్నంతకాలం నువ్వూ ఓనరువే" అన్నారు.

కంపెనీ ఎంతకాలం ఉంటుందని నేను అడగలేదు. కుర్చీ అంత మెత్తగా ఉంది. కూలి బదులు నలభై వాటాల కాగితం పట్టుకుని వచ్చి, ఆ కాగితానికి అద్దాల ఫ్రేము కట్టించాను. ఫ్రేము కట్టినవాడు మాత్రం కూలి వాటాల్లో తీసుకోనన్నాడు. ఆ తరవాత కొన్నాళ్లు నన్నెవరైనా "పెయింటరు గారూ" అని పిలిస్తే పలకకుండా, "షేర్ హోల్డరు" అని సరిదిద్దేవాణ్ణి. టీ కొట్టతను అప్పటినుంచీ నాకు అరువివ్వడం మానేశాడు. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత వినడమే గానీ, దానికి నేనే బోర్డు రాస్తున్నానని అనుకోలేదు.

3. ఇక అసలు బాధితురాలిని తమకు పరిచయం చేయవలసి యున్నది. ఆమె మా అక్క. బట్టలు కుడుతుంది. నా మొదటి కుంచె కొనిచ్చింది ఆవిడే. మంగలి షాపు పక్కన, వీధిలోకి తలుపున్న చిన్న గదిలో ఇరవై రెండేళ్లుగా ఒకే మిషను తొక్కుతోంది. గది యజమాని ఇప్పుడు గదిని అమ్మేస్తున్నాడు. ఎవరికిచ్చే ముందైనా నిన్ను అడుగుతానని అక్కకు మాటిచ్చి, ఈ నెలాఖరు దాకా గడువు పెట్టాడు, డబ్బు వచ్చే దారి కాగితం మీద చూపిస్తే ఇంకొన్నాళ్లు ఆగుతానన్నాడు. ఆ గది కొనుక్కోవాలనే అక్క తొమ్మిదేళ్లు కూడబెట్టింది. ఆ కూడబెట్టినదాన్ని అయిదేళ్ల కిందట ఎరుపు కంపెనీలో పెట్టించిన మహానుభావుణ్ణి నేనే.

"డబ్బాలో మూలుగుతుంటే ఏం లాభం అక్కా? మనుషులున్నంతకాలం చొక్కాలుంటాయి, చొక్కాలున్నంతకాలం గుండీలుంటాయి" అని ఉపన్యసించాను. జిప్పు అనేది ఒకటుందని ఆ వేళ నాకు గుర్తు రాలేదు. జిప్పు కుట్టే మనిషితోనే మాట్లాడుతున్నానని కూడా గుర్తు రాలేదు.

అక్క వాటాల కాగితం రాగానే నా కాగితం పక్కన పెట్టి చూసుకుంది. "ఒరేయ్, నీ దాని మీద ఒక పేరుంది, నా దాని మీద ఇంకోటుంది. ఏంట్రా ఇది?" అంది.

"ఒకటే రేకక్కా. రాసింది నేనే కదా" అన్నాను.

నా మీద నమ్మకంతో ఆ కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది.

4. ఈ నెల మొదటి వారంలో అక్కకు రిజిస్టరు తపాలాలో నోటీసు వచ్చినది. అందులోని సారాంశము: ఎరుపు కంపెనీకి వ్యాపారము లేదు, ఆస్తి లేదు, కావున సదరు పేరును రిజిస్టరు నుండి కొట్టివేయవలసినదిగా కోరడమైనది, అభ్యంతరములున్నవారు ఇరవై ఎనిమిదవ తేదీలోగా తెలుపుకొనవలెను. అక్క ఆ నోటీసును మూడుసార్లు చదివి, చెవి ఒగ్గి విన్నది. వీధి చివర గుండీల మిషన్లు టకటకమని ఆడుతూనే ఉన్నాయి.

ఇద్దరం కలిసి షెడ్డుకు వెళ్లాం. కంగారొద్దు గారు లేచి నిలబడి మరీ అక్కకు కుర్చీ వేయించారు. ఆ కుర్చీ చూడగానే నాకు భయం వేసింది.

"అమ్మా, కంగారొద్దు. జిప్పులొచ్చి మన పొట్ట కొట్టాయి. ఎరుపులో ఇంకేం మిగల్లేదు" అన్నారు.

"మరి ఆ మిషన్లు?"

"అవి ఆకుపచ్చవి."

"అయితే నా వాటాలు ఆకుపచ్చలోకి మార్చండి."

"ఆకుపచ్చలో వాటాలు అమ్మడం లేదమ్మా."

"మా తమ్ముడి నీలం కంపెనీ ఏమైంది?"

"ఇంకా ఉందమ్మా, కానీ దాన్ని కదపకూడదు" అన్నారు కంగారొద్దు గారు, ఆస్పత్రిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించి. ఆ తగ్గించడం చూసి నేను కూడా నెమ్మదిగా తలూపాను. అక్క నన్ను చూసిన చూపు ఇక్కడ వివరించుటకు తగినది కాదు.

5. తదుపరి, ఈ నెల పదకొండవ తేదీన అక్కతో కలిసి తమ కార్యాలయమున మూడవ కిటికీ వద్ద హాజరైతిని. గుమస్తా గారు మంచివారు. పది నిమిషాల్లో ఆయన కూడా పాపం రంగుల్లోకి దిగారు.

"మీది ఏ కంపెనీ?"

"నీలమండి."

"నీలానికీ ఎరుపుకూ సంబంధం లేదు. మీరు పక్కకు జరగండి. అమ్మా, ఎరుపు వాటాలు మీవేనా? ఆస్తి లేదని కంపెనీ రాసిచ్చింది. ఉందని మీరెలా అంటున్నారు?"

"మిషన్లు ఆడుతున్నాయి బాబూ. మా గది దాకా వినపడతాయి."

"వినపడితే చాలదమ్మా. రికార్డులో అవి ఆకుపచ్చవి. అవి నిజానికి ఎరుపువేనని ఆకుపచ్చ డైరెక్టరు ఎవరైనా సంతకం పెట్టి రాసిస్తే, అప్పుడు అయ్యగారు కొట్టివేత ఆపి విచారణ వేస్తారు."

"ఎవరా డైరెక్టర్లు?" అన్నాను.

"ముగ్గురు. ఒకరు యజమాని, ఒకరు ఆయన బావమరిది. మూడోవాడు ఎవడో ఉన్నాడు. ఇలాంటివాళ్లేనండీ, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి ఆడవాళ్ల కష్టార్జితం ముంచేది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవడండీ ఆ వెధవ? అడ్రసివ్వండి, వెళ్లి వాడి కాలరు పట్టుకుంటా" అని కిటికీ చెక్క మీద గట్టిగా చరిచాను. వెనక వరసలోని వాళ్లు కూడా "పట్టుకోవాలి మరి, ఊరికే వదలకూడదు" అన్నారు. గుమస్తా గారు కంప్యూటరు చూసి అడ్రసు చదివారు. మా వీధి. మా ఇంటి నంబరు. అయ్యా, అప్పటికీ నాకు వెలగలేదు.

"మా ఇంట్లో ఎవరైనా అద్దెకున్నారా అక్కా?" అని అడిగాను.

గుమస్తా గారు కంప్యూటరును మెల్లగా మా వైపు తిప్పారు. అందులో నా పేరు ఉంది. వెనక వరసలోని వాళ్లు ఇంకా ఉత్సాహంగా ఉన్నారు. కాలరు సవరించుకుని బయటికి వచ్చాను. అక్క నాకంటే పది అడుగులు ముందు నడిచి ఇల్లు చేరింది. ఆ తరవాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

6. సదరు డైరెక్టరు పదవి నాకు సంక్రమించిన విధానము ఇంట్లో కూర్చుని ఆలోచించగా గుర్తుకు వచ్చినది. దాన్ని దాచకుండా విన్నవించుచున్నాను.

కిందటేడు ఆకుపచ్చ బోర్డు రాస్తుండగా కంగారొద్దు గారు నన్ను లోపలికి పిలిచి ఒక ఫారం ఇచ్చారు. "నీ చేతి రాత ముత్యాలయ్యా. దీన్ని నువ్వు నింపితే ఆఫీసులో కళ్లకద్దుకుంటారు" అన్నారు. ఎవరైనా నా కుంచెను పొగిడితే ఆస్తి రాసిచ్చే రకాన్ని, అదృష్టవశాత్తూ ఆస్తి లేదు. చేతులు కడుక్కుని, సన్న పాళీ తెచ్చి, ఆయన పేరు, బావమరిది పేరు ఒకదాని కింద ఒకటి రాశాను. మూడో గడి ఖాళీగా వదిలేయమన్నారు, వదిలేశాను. ఆ తరవాత ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ కుడి వైపు కింది మూలన నా సంతకం గీశాను. ఏ పని పూర్తి చేసినా ఆ మూలన సంతకం గీస్తాను. పళ్ల డాక్టరు గారి బోర్డు మీద కూడా ఉంది. ఈ ఫారంలో ఆ మూలన చిన్న అక్షరాలతో 'డైరెక్టరు సంతకము' అని అచ్చు వేసి ఉందట. మొదటి అంశంలో మనవి చేసిన ప్రకారం, నేను చదవను.

కంగారొద్దు గారు ఆ సంతకం వైపు చాలాసేపు చూశారు. "తుడిచేయమంటారా?" అని అడిగాను కూడా.

"కంగారొద్దు. ఇలాగే బాగుంది" అన్నారు.

మరుసటి వారం గేటు పాసు కోసమని నా గుర్తింపు కార్డు నకలు తీసుకున్నారు. ఖాళీ గడిలో నా పేరు ఆయనే రాసుకున్నారు. మోసం చేసే శ్రమ కూడా ఆయనకు నేను మిగల్చలేదు. గుమస్తా గారు కంప్యూటరులో చూపిన ఫారంలో ఆ మూడో పేరు కొక్కిరి గీతలతో వంకరగా ఉండడం మాత్రం, ఇంత జరిగాక కూడా, నన్ను బాధిస్తోంది.

7. మిషన్ల విషయము. షెడ్డులో మొత్తం పద్నాలుగు మిషన్లున్నాయి. అయిదేళ్ల కిందట, అంటే అక్క డబ్బు కట్టిన నెలలోనే, అవి కొత్తగా దిగాయి. వాటన్నిటి మీదా ఎరుపు కంపెనీ పేరు, వరస నంబరు, తేదీ రాసింది నేనే. కిందటేడు కంగారొద్దు గారు "పాత రాతలు శుభ్రంగా గీకేసి, ఆకుపచ్చ పూసి, కొత్త పేరు రాయి" అన్నారు. గీకుడుకు వేరే కూలి, పూతకు వేరే కూలి. ఈ రెండూ మాత్రం చేతికే ఇచ్చారు.

అయ్యా, నేను గీకలేదు. కూలి తీసుకున్నాను, గీకలేదు. ఎండాకాలం, రేకుల షెడ్డు, మోకాళ్ల నొప్పి. పాత రాతల మీదే ఆకుపచ్చ పూసేసి, గీకిన పొట్టు ఇదేనని పాత తలుపు పొట్టు తెచ్చి బకెట్లో చూపించాను. ముప్పై ఏళ్లలో నేను చేసిన మోసం ఇదొక్కటే. బద్ధకం చేత చేశాను. ఇవాళ మా అక్క కష్టార్జితానికి సాక్ష్యంగా మిగిలింది కూడా ఇదొక్కటే. తమ తనిఖీదారు గారిని పంపినచో, సన్నని రేకుతో నేనే దగ్గరుండి పై పూత లేపి చూపగలవాడను. ప్రతి మిషను మీదా ఎరుపు పేరు, నంబరు, తేదీ, కింది మూలన నా సంతకం కనపడతాయి. గీకుడు కూలి కంపెనీ వారికి వాపసు ఇచ్చుకొనుటకు సిద్ధముగా ఉన్నాను. వాటాల్లో ఇవ్వమంటే మరీ సంతోషం.

8. కేసు నడిస్తే ఏమవుతుందని రెండోసారి ఒంటరిగా వెళ్లి గుమస్తా గారినే అడిగాను. "నడిస్తే ముగ్గురి మీదా నడుస్తుంది. తెలియక పెట్టానని మీరంటారు, నిజమే కావచ్చు. అయినా కోర్టు నమ్మాలి కదా?" అన్నారు. నాకు భయంగా ఉంది. ఈ వాక్యాన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియక ఉన్నదున్నట్టు రాశాను. రాయకుండా ఊరుకుంటే నాకేమీ కాదు, నలభై నీలం వాటాలు ఫ్రేములో భద్రంగా ఉంటాయి, అక్క గది మాత్రం పోతుంది. సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు ఒకడు నిన్న టేపు తెచ్చి, అక్క మిషను తొక్కుతుండగానే చుట్టూ గోడలు కొలుచుకుని వెళ్లాడు. అక్క కాళ్లు కాస్త పక్కకు జరుపుకుని దారిచ్చింది. అది చూసి వచ్చి ఈ అర్జీ మొదలుపెట్టాను.

కావున, ఆకుపచ్చ కంపెనీ డైరెక్టరు హోదాలో నేను గైకొను మొదటి చర్యగాను, బహుశా ఆఖరి చర్యగాను, ఇందుమూలముగా ప్రకటించునది ఏమనగా: షెడ్డులోని పద్నాలుగు మిషన్లు ఎరుపు కంపెనీ ఆస్తి. వాటిని ఆకుపచ్చగా మార్చినది కేవలము ఒక పూత రంగు, ఆ పూత నాది. ఈ ప్రకటన మా కంపెనీకి నష్టదాయకమని నాకు తెలియును. మా కంపెనీ అని మొదటిసారి రాస్తున్నాను, వరస వంగింది, మన్నించండి.

తమను వేడుకొనునవి: ఎరుపు కంపెనీ పేరు కొట్టివేయక నిలుపవలెను. మిషన్లను విచారణ తేలు వరకు కదలనీయరాదు. పసుపు కంపెనీ ఏం చేస్తుందో వీలుంటే కనుక్కుని కాపలాదారుకు కూడా చెప్పవలెను, అతనికి నెలలో సగం జీతం అందులోంచే రావాలట. ఆకుపచ్చ కంపెనీ మూడవ డైరెక్టరుపై చట్టప్రకారము ఏ చర్య తగునో అది తీసుకొనవలెను. అతను ఎక్కడికీ పారిపోడని నేను హామీ ఇవ్వగలను, మోకాళ్లు బాగాలేవు.

ఇంత పొడుగు రాసినందుకు మన్నించి, తీరిక చేసుకుని చిత్తగించవలెను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి. నవ్వడం అయ్యాక ఇరవై ఎనిమిదో తేదీ దాటకుండా సంతకం చేయండి.

తమ విధేయుడు,
నీలం కంపెనీ వాటాదారు,
ఆకుపచ్చ కంపెనీ డైరెక్టరు (పొరపాటున),
బోర్డులు రాయు పెయింటరు (నిజముగా).

జత చేసినవి: నాలుగు కంపెనీల పేర్లు. అక్క వాటాల కాగితం నకలు. నా వాటాల కాగితం నకలు, ఫ్రేము లేకుండా.

మరో మాట: ఈ అర్జీని శుద్ధప్రతి రాసి ఇవాళ పొద్దున అక్కకు చూపించాను, వాటాలు ఆవిడవి గనక పక్కన ఆవిడ సంతకం కూడా ఉంటే బలమని. మిషను ఆపి మొత్తం చదివింది. పదో రోజున నాతో మాట్లాడింది.

"ఆరోదీ ఏడోదీ ఎనిమిదోదీ కొట్టేయ్. అప్పుడు పెడతా సంతకం" అంది.

"అవి తీసేస్తే ఇందులో 'అయ్యా' తప్ప ఏమీ మిగలదక్కా" అన్నాను.

"మిగలకపోతే పోనీ. గది పోతే ఇంకో గది అద్దెకు తీసుకుంటా. నిన్ను తీసుకెళ్లి లోపలేస్తే, తమ్ముణ్ణి ఎక్కడ అద్దెకు తెచ్చుకోనురా?" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. దారం అప్పటికే తెగిపోయింది, చూసుకోలేదు.

సరే, తీసేస్తానన్నాను. ఇది తీయని ప్రతి. అందుకే దీని మీద ఆవిడ సంతకం లేదు. వాటాల కాగితం ఆవిడ టీ తాగే వేళ సొరుగులోంచి తీసి, నకలు చేయించి, మళ్లీ అక్కడే పెట్టాను. నన్ను విచారణకు పిలవదలుచుకుంటే ఆ నోటీసు నా ఇంటికే పంపండి. ఆవిడ గదికి మాత్రం పేరు కొట్టివేయలేదన్న ఒక్క ముక్క పంపితే చాలు, అది ఎలా ఆగిందో నేను తరవాత ఎప్పుడైనా చెప్పుకుని తిట్లు తింటాను.